క్లోమం స్కాన్ తీసిన వారం

మా ఆయనకు కాలేయం గట్టిపడిందని తెలిసి అప్పటికి రెండేళ్లు. తాగుడు అలవాటు లేని మనిషి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. కడప నుంచి వచ్చిన నాకు యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం. కాపురం తార్నాకలో.

మేం చూపించుకునే డాక్టరమ్మ ఒకరోజు, కాలేయ రోగుల్లో ఎవరికి షుగరు సమస్య వస్తుందో, ఇన్సులిన్ తయారుచేసే క్లోమం ఎంఆర్ఐ చూసి ముందే పసిగట్టగలమా అని పరిశోధన చేస్తున్నామనీ, ఇష్టమైతే చేరమనీ అడిగింది. ఆయన వెంటనే ఒప్పుకుని స్కాన్ తీయించుకున్నారు.

నాలుగో రోజు నేను లైబ్రరీ కౌంటర్‌లో ఉండగా ఆమె ఫోన్ చేసింది. క్లోమం చిక్కిపోయిందట, కొవ్వు కూడా పట్టిందట.

"దీన్నిబట్టే ఖాయంగా చెప్పలేమమ్మా. గ్లూకోజ్ తాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూద్దాం. రేపే రండి" అంది.

ఆ 'రేపే' విన్నాక చేతిలో ఉన్న పుస్తకం మీద ముద్ర తలకిందులుగా వేశాను.

ఇంట్లో ఆయన రానన్నారు. పరగడుపు షుగరూ, మూడు నెలల సగటూ మామూలుగా ఉన్న రిపోర్టులు మంచం మీద పరిచారు. కాలేయం చెడితే ఆ సగటు ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చని డాక్టరమ్మ చెప్పిన సంగతి చెప్పాను. ఆయన కాగితాలు మడిచి దిండు కింద పెట్టారు.

"ఒక్క రోగానికే సగమైన. ఇంకోటి ఉన్నదని తెలిసి ఏం జెయ్యాలె?"

"తెలీకపోతే లేకుండా పోతాదా? రేపు నాతో రండి, అంతే."

వచ్చారు. గ్లూకోజ్ నీళ్లు తాగి రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నారు. నర్సు పిలిచినప్పుడు నేనే ముందు లేచాను.

షుగరు హద్దు దాటింది. వారం తర్వాత మళ్లీ చేసినా అదే వచ్చింది. డాక్టరమ్మ మందు మొదలుపెట్టి, షుగరు వచ్చిందని పస్తులుండొద్దని, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినమని గట్టిగా చెప్పింది. ఇంత తొందరగా దొరకడం మంచిదే అంది. ఆయన తలూపారే కానీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు డ్యూటీ దిగి నేరుగా లైబ్రరీకి వచ్చారు. క్యాంపస్‌లో నడుద్దామన్నారు. హాస్టళ్లు దాటాక ఆగి, "కోపం నీ మీద గాదు" అన్నారు.

తెలుసన్నాను. మెట్రో స్టేషన్ దాకా మెల్లగా నడిచాం.

షుగరు ఇప్పుడు అదుపులోనే ఉంది. కాలేయం సంగతి మాత్రం డాక్టరమ్మ కూడా ఏమీ చెప్పలేకపోతోంది.