మా నాన్న మోసిన మేనా కోసం రామచంద్రపురం దాకా

స్వదేశం వెళ్లిపోతూ ఒక దొర తన ఫోటో పెట్టెను అమ్మకానికి పెడితే, ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి దాన్ని కొన్నాను. అప్పటినుంచీ నాకు బళ్ల పిచ్చి పట్టుకుంది. గూడు బండి, జట్కా, కాలవ పడవ, ఎద్దులనూ బళ్లనూ కలిపి గోదావరి దాటించే పంటు, పొగ ఓడ, దొరలు తొక్కే రెండు చక్రాల బండి, కొత్త వంతెన మీద రైలు, ఏది కనిపించినా ఆపి పటం తీస్తాను. ఎవరు చేశారు, ఏ కర్రతో చేశారు, ఎంత బరువు మోస్తుంది అని అడిగి పటం వెనక రాసుకుంటాను. రాజమహేంద్రవరంలో మిషన్ బడి పంతులుకి ఇదేం పని అని నవ్వేవాళ్లు నవ్వుతూనే ఉంటారు. పైగా నేను పొట్టివాణ్ని. పెట్టె వెనక గాజులోంచి చూడాలంటే కాళ్ల కింద పీట వేసుకోవాలి, అది చూసి ఇంకాస్త నవ్వుతారు. మా ఆవిడ అన్నమ్మ అయితే, ఇంట్లో ఎద్దు మొహాలన్నీ ఉన్నాయిగానీ మనిషి మొహం ఒక్కటీ లేదని దెప్పుతుంది. పిచ్చి ముదిరితే రోకలి తలకు చుట్టమన్నారట, మీరు చక్రం చుట్టుకుంటారు అంటుంది.

ఆమెకి తెలియనిది కాదు, ఈ బళ్లన్నీ ఒక్క మొహం దొరక్క పోగుచేసినవే. మేం బెస్తవాళ్లం. మా నాన్న పోలయ్య కొన్నాళ్లు వల వేసేవాడు, కొన్నాళ్లు మేనా మోసేవాడు. రామచంద్రపురానికి అవతల ఒక కామందు గారి మేనాకి ఉన్న నలుగురు బోయీల్లో ఆయన వెనక చివరివాడు. నేను అక్షరాలు దిద్దుకునే వయసులోనే జ్వరం తగిలి పోయాడు. ఆయన పటం లేదు. మొహం ఎలా ఉండేదో ఎంత తలుచుకున్నా నాకు రాదు. నన్నెత్తుకున్నప్పుడు నా చెంపకి గరుకుగా తగిలే భుజం, దాని మీద కాసిన కాయ, అంతే గుర్తు. ఆయన చెయ్యి పడిన వస్తువు ఈ లోకంలో ఏదైనా మిగిలి ఉందంటే అది ఆ మేనా ఒక్కటే.

ఆ ఊరి నుంచి మా బడికి వచ్చే పిల్లవాడి తండ్రి ఒకాయన మాటల మధ్యలో, ఆ ఇంటివాళ్లు పాత మేనాని విప్పించి ధాన్యం కొట్టుకి తలుపులు చేయిస్తున్నారని, వడ్రంగికి ఈ సోమవారం అప్పగిస్తారని చెప్పాడు. ఇన్నాళ్లూ రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ వచ్చినవాడికి ఆ పూట అన్నం సహించలేదు. ఆదివారం ప్రార్థన కాగానే బయలుదేరుతానన్నాను. తనూ వస్తానంది అన్నమ్మ. పటం పడే గాజు పలకలతో, పడవ మీద, ఇద్దరం ఎందుకులే అని నేనే ఆపాను.

ఈ దారిన వెళ్లదలచినవారు ముందుగా తెలుసుకోవలసింది, ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు. ఆ రోజుల్లో సామర్లకోట దాకా రైల్లో వెళ్లి, అక్కణ్నుంచి బండి కట్టించుకోవాలి. అలా వెళితే ఒళ్లు హూనమవుతుంది. నీళ్లున్నప్పుడు పడవకి మించిన ప్రయాణం లేదు. ధవళేశ్వరానికి జట్కాకి నాలుగణాలు ఇచ్చాను, బేరమాడితే మూడుకీ వస్తారు. నా పెట్టె చూసి జట్కావాడు అందులో పాటల పెట్టె ఉందనుకున్నాడు. ఒక పాట పాడించమని దారంతా అడిగి, ఇది పాడేది కాదు చూసేది అని చెప్తే, చూసే పనికి పెట్టెందుకని కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

సాయంత్రం ధవళేశ్వరం రేవులో పడవెక్కితే తెల్లవారేసరికి రామచంద్రపురం. మనిషికి మూడణాలు, భోజనం కావాలంటే ఇంకో అణా. ఆ అణా తప్పక పెట్టండి. పడవ వెనక భాగంలో మట్టి పొయ్యి మీద పడవవాడే వండుతాడు. ఆ రోజు చింతపండు పులుసులో వేసిన చేప, ఉడుకుడుకు అన్నం. గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని వంగి నడుస్తుంటే పడవ వాళ్ల వెంట మెల్లగా వస్తుంది. కడియం దగ్గర లాకులో నీళ్లు దిగేదాకా ఆగాలి, అక్కడ అటుకులూ అరటిపళ్లూ అమ్ముతారు. వంతెన వచ్చాక బేరాలు తగ్గాయా అని పడవవాణ్ని అడిగాను.

"పై ఊళ్లవాళ్లు రైలెక్కుతున్నారండి. ఎక్కనివ్వండి. రైలు మా కాలవ గట్టు మీదికి రాదు కదండీ" అన్నాడు. ఆ మాట తనకి తానే ధైర్యం చెప్పుకున్నట్టుగా ఉంది. తాడు లాగే వాళ్ల భుజాలు చూస్తూ పడుకున్నాను.

పొద్దున్నే రామచంద్రపురంలో దిగి, ఒంటెద్దు బండి రెండణాలకి కుదుర్చుకుని, కొబ్బరితోటల మధ్యనుంచి ఆ ఊరు చేరాను. ఊరి పేరు రాయడం లేదు. ఆ ఇంటివాళ్లకి నచ్చకపోవచ్చు. ఇల్లు పెద్దది. మగవాళ్లు పొలాలకి వెళ్లారు, ఇంటి పెద్దావిడ ఒక్కతే సావిట్లో కూర్చుని ఉంది. మెట్టు కిందే నిలబడి, పాతకాలపు వాహనాల పటాలు తీస్తుంటానని చెప్పాను. కోటూ టోపీ చూసి, రండి, కూర్చోండి, మజ్జిగ తాగుతారా అని ఎంతో మర్యాద చేసింది. నేను పైకి చూశాను. సావిడి దూలాలకి తాళ్లతో వేలాడగట్టిన మేనా కనిపించింది. రంగు వెలిసిపోయింది, పైకప్పు ఒక పక్క చెద తినేసింది. పిచ్చికలు గూడు పెట్టుకున్నాయి. నా కళ్లు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు. అప్పుడు చెప్పాను నేను పోలయ్య కొడుకునని.

ఆవిడ నా మొహం కేసి కాసేపు చూసింది.

"పోలిగాడి కొడుకువా నువ్వు" అంది.

అంతసేపూ 'మీరు' అన్న మనిషి 'నువ్వు'లోకి దిగింది. నొచ్చుకోలేదంటే అబద్ధం. కానీ మా నాన్న పేరు ఇంకొకరి నోట విని ఎన్నేళ్లయిందో. ఆ పేరు పలికిన నోటి మీద కోపం నిలవలేదు. వాళ్ల అత్తగారు పోలిగాడు వెనక ఉంటేనే మేనా ఎక్కేదట. వాడి అడుగు కుదురుగా పడుతుంది, కునుకు పడుతుంది అనేదట. ఆ మాట ఆవిడ మళ్లీ మళ్లీ చెప్పింది, నేను మళ్లీ మళ్లీ విన్నాను. తర్వాత పాలేరుని పంపి సత్తెయ్యని పిలిపించింది. ఆ నలుగురు బోయీల్లో బతికున్నది ఆయన ఒక్కడే.

సత్తెయ్య నిండా నెరిసిపోయాడు, నడుము మాత్రం వంగలేదు. ముగ్గురు పాలేర్లని కూడగట్టి మేనాని కిందికి దించి, పెరట్లో ఎండలోకి తెచ్చాడు. మేనా పైన ముందుకీ వెనక్కీ పొడుగ్గా సాగే బొంగు ఉంటుంది, బోయీలు భుజాన పెట్టుకునేది దాన్నే. దాని వెనక కొసన జానెడు మేర కొబ్బరిపీచు తాడు దట్టంగా చుట్టి ఉంది. నల్లగా, నున్నగా అరిగిపోయింది. సత్తెయ్య దాని మీద చెయ్యి వేసి నన్ను పిలిచాడు.

"ఇది మీ నాన్నదండి. బోయీలంటే నలుగురూ ఒకే ఎత్తుండాలి. ఆడు పొట్టోడు. బొంగు ఆడి భుజానికి అందేది కాదు. అమ్మగారేమో ఆడే కావాలనేవోరు. అందుకని ఆ సందు నిండేలా ఈ చుట్టు చుట్టాం. ఇది కట్టాక ఆ చోట ఇంకోడు నిలబడ్డానికి లేదండి. ఆడికి జ్వరం వస్తే మేనా కదిలేది కాదు."

నేను పొట్టివాణ్నని బడిలో పిల్లలు చాటుగా పేర్లు పెడతారని నాకు తెలుసు. ఆ పొట్టితనం ఎవరిదో ఆ రోజు తెలిసింది.

బోయీలు అలుపు తీర్చుకునేటప్పుడు బొంగుకి ఆనించే పంగల కర్రలు రెండు ఆ ఇంట్లోనే ఉన్నాయి. వాటి మీద మేనాని నిలబెట్టి, పీట ఎక్కి, నల్లగుడ్డ తల మీద కప్పుకుని చూశాను. గాజులో అది తలకిందులుగా కనిపించింది. పెట్టె ముందున్న గాజు కన్ను మీది మూత తీసి, అయిదు లెక్కపెట్టి, మూసేశాను. ఆ పటం బాగానే వచ్చింది. అక్కడితో ఆగి ఉండవచ్చు. ఆశ ఆగనివ్వలేదు. మనుషులు మోస్తున్నట్టు కావాలనిపించింది. ముందు సత్తెయ్యా ఒక పాలేరూ, వెనక మిగతా ఇద్దరూ భుజాలు పెట్టారు. పీచు చుట్టు కింద నిలబడినవాడు ఆజానుబాహువు, వాడి వైపు బొంగు పైకి లేచి మేనా ముందుకి ఒరిగిపోయింది. సరే, కదలకండి అని మూత తీశాను. తీశానో లేదో సత్తెయ్య నడవడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లు తూలుకుంటూ వెంట నడిచారు. ఆ పలక పాడైపోయింది. ఎందుకలా చేశావని అడిగితే, ఆయన నిజంగానే సిగ్గుపడ్డాడు.

"బరువు కింద బోయీ నిలబడడండి. నిలబడితే బరువు. నడిస్తే కాదు. బొంగు భుజాన పడితే కాళ్లు ఆగవండి నాకు."

ఎలాగూ మేనాని వీధి చివర వడ్రంగి పాక దాకా చేర్చాలి. ఇలా ఒరుగుతూ వెళ్తే గుమ్మానికే తగిలి విరుగుతుంది అన్నాడు సత్తెయ్య. ఆ పొడుగువాణ్ని పక్కకి తప్పుకోమని, నా కేసి తిరిగాడు. మీరు రండి అనలేదు. రా అబ్బాయ్, నీ చోటుకి రా అన్నాడు.

పెట్టెలో ఇంకొక్క పలక మిగిలి ఉంది. నా జన్మలో నాకు కావలసిన పటం అదే. మా నాన్న చోట ఆయన ఎత్తే ఉన్న మనిషి నిలబడ్డ పటం. మూత తీసి పెట్టేవాళ్లు కావాలి. మేం నడుస్తూ ఉన్నా సరే, మసకగా వచ్చినా సరే. తప్పుకున్న పాలేరుని అడిగితే రెండడుగులు వెనక్కి వేశాడు. పెద్దావిడ అయితే ఆ గాజు కన్ను ఆయుష్షు లాగేస్తుందని చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బతిమాలాను. ఎవరూ ముట్టుకోలేదు. కోటు విప్పి పెట్టె మీద వేసి, వెళ్లి బొంగు కింద నిలబడ్డాను.

పీచు చుట్టు నా భుజం మీద సరిగ్గా కూర్చుంది. పైకి సర్దలేదు, కిందికి సర్దలేదు. మేనా సమంగా లేచింది. సత్తెయ్య గొంతు సవరించుకుని ఓహోం అన్నాడు. కాళ్లు వాటంతటవే కదిలాయి. ఆయన చెప్పింది నిజమే, నడిస్తే అంత బరువు లేదు. పెరడు దాటి వీధిలోకి వచ్చాం. బొంగు పక్కనుంచి నాకు కనిపించిందల్లా ముందు నడిచే పాలేరు వీపు, మేనా వెనక పలక, దానవతల ఊగే సత్తెయ్య తెల్లటి తల, పక్కన కొంచెం దుమ్ము దారి. మా నాన్న కళ్లు రోజూ చూసింది ఇదే గదా అనిపించింది. ఆయన మొహం కోసం ఇన్నేళ్లు వెతికాను. ఆయన మొహం దొరకలేదుగానీ ఆయన చూపు ఎటుండేదో దొరికింది. వీధి ఇంకా పొడుగ్గా ఉంటే బాగుండునని ఏడుస్తూ నడిచాను. అది చిన్న వీధి.

పాకలో దించగానే వడ్రంగి మొట్టమొదట ఆ పీచు చుట్టునే కోశాడు. అది నాకిమ్మని అడగబోయాను. అంతలో సత్తెయ్య వంగి దాన్ని తీసి, దుమ్ము దులిపి, తలగుడ్డలో పెట్టుకున్నాడు. నేను ఆ చుట్టు కింద ఒక్క వీధి నడిచాను. ఆయన దాని ముందు సగం బతుకు నడిచాడు. అందుకని అడగలేదు.

ఇల్లు చేరాక పలకలు కడిగి ఆరబెట్టాను. పంగల కర్రల మీద నిలబడ్డ మేనా స్పష్టంగా వచ్చింది, పీచు చుట్టు పోగుపోగూ కనిపిస్తుంది. దాని కింద ఎవరూ లేరు. భుజం మీద కమిలిన మచ్చ వారం రోజులుంది. అన్నమ్మ నూనె రాస్తానంటే, తగ్గిపోతుందేమోనని వద్దన్నాను. అది తగ్గిపోయిన రోజు దిగులేసింది. రైళ్లు వస్తాయి, ఇంకా ఏవేవో వస్తాయి, వాటి పటాలూ నేనే తీస్తాను. వాటిలో ఏదీ ఒక మనిషి ఎత్తుని బట్టి చేసింది కాదు. అలాంటిది ఒకటుండేది, మోసినవాడు ఒకడుండేవాడు. ఆ ఇద్దరూ ఒకచోట ఉన్న పటం మాత్రం లేదు. జరిగిందంతా చెప్పి ఆ పటం అన్నమ్మకి చూపించాను. ఆమె చాలాసేపు చూసి, పీచు చుట్టు కింద ఖాళీ మీద వేలు పెట్టింది.

"మూత తీసి అయిదు లెక్కపెట్టడమే కదండీ. నేను తీద్దును" అంది.

కాబట్టి ఈ దారిన వెళ్లేవారికి నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. పలకలు ఒకటి తగ్గినా ఫరవాలేదు, మూత తీయగల మనిషిని వెంట తీసుకువెళ్లండి.