తాటిమట్టల మీద చదువు

మార్కాపురం పలకల గనుల పక్కన, పనికిరాని రాతిముక్కలు కుప్పపోసిన గుట్ట మీద, ఎజ్రా రోజూ సాయంత్రం కనిపిస్తాడు. హైస్కూల్లో ఆఖరి తరగతి. మీసం కూడా మొలిచింది. కాళ్లకు చెరొక తాటిమట్ట కట్టుకుని, మోకాళ్లు వంచి, చేతులు వెనక్కి చాచి, తోటివాళ్లతో పందెం వేసి కిందికి జారతాడు. పందేనికీ పరీక్షకూ వేరే వేళలు కుదరక రెండూ ఒకేసారి కానిస్తాడు. గుట్ట ఎక్కుతూ పాఠం చదువుతాడు, జారుతూ గట్టిగా అప్పజెబుతాడు. "ఈ ఏడు తప్పినావంటే పలకలు కొట్టేదానికి నాతో రా" అని నాయన ముందే చెప్పేసినాడు.

ఒకరోజు బడికి ఇనస్పెక్టరుగారు వచ్చి, జవాబు రానివాణ్ణి పరీక్షకు పంపొద్దని హెడ్మాస్టరుతో చెప్పి, కృష్ణానది గురించి ఎజ్రాను అడిగారు. నిటారుగా నిలబడ్డ ఎజ్రాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"అయ్యా, రవ్వంత వంగుతా" అన్నాడు.

మోకాళ్లు వంచి చేతులు వెనక్కి చాచగానే, వాడి నోట మహాబలేశ్వరం కొండల్లో బయల్దేరిన కృష్ణ, ఉపనదులన్నిటినీ కలుపుకుని, ఎక్కడా ఆగకుండా సముద్రంలో పడింది. ఎజ్రా రొప్పుతూ లేచి, ఒకసారి వెనక్కి చూసి, ఇనస్పెక్టరుగారినే అడిగాడు:

"నేనే గదయ్యా ముందొచ్చినాను?"