రోమాకు ఊరికే వచ్చిన మాపబాల్లో

మా ఊరికి ఊరికే ఎవరూ రారు. చదువుకోవడానికి వస్తారు, చదువు చెప్పడానికి వస్తారు, పోయినవాళ్ళను సాగనంపడానికి వస్తారు. చలికాలం సెలవులివ్వగానే విద్యార్థులు మూటాముల్లె సర్దుకుని టాక్సీలెక్కేస్తారు. ఇక విశ్వవిద్యాలయం గేటు ముందు కుక్కలూ మేమూ మిగులుతాం. రాజధాని మసేరు నుంచి వచ్చే తెల్లదొరల జీపులు కూడా ఇక్కడ ఆగవు. మా మొహాన దుమ్ము కొట్టి, కొండల మీద సెమోన్‌కాంగ్ జలపాతం చూడటానికి పోతాయి. పేరుకేమో రోమా, ఫాదర్లు ముచ్చటపడి పెట్టుకున్న పేరు. దిగి చూసే నాథుడు మాత్రం లేడు.

అలాంటి ఊళ్ళో ఒక చలికాలం సెలవుల్లో, ఆ సెమోన్‌కాంగ్ నుంచే ఒకావిడ టాక్సీ దిగింది. లోకమంతా మమ్మల్ని దాటుకుని ఆవిడ ఊరు చూడటానికి పోతుంటే, ఆవిడ మా ఊరు చూడటానికి కొండ దిగి వచ్చింది. పేరు మాపబాల్లో, అంటే పబాల్లో తల్లి. కొత్త కోడలిగా గడప తొక్కిన రోజే అత్తవారు ఆ పేరు పెట్టేశారు, పబాల్లో పుట్టడం తర్వాతి సంగతి. మాలో అంతే, తల్లి పేరు ముందు పుడుతుంది, బిడ్డ తీరిగ్గా వెనకాల వస్తుంది.

నా పేరు మాలెఫా. గేటుకు ఎదురుగా నాకు లైను గదులున్నాయి, విద్యార్థులకు అద్దెకిస్తాను. సెలవుల్లో అవి బోసిగా పడి ఉంటాయి. భుజాల చుట్టూ కంబళి, తల మీద పిండిమూట, చేతిలో చిన్న కిరసనాయిలు స్టవ్వుతో ఆవిడ నా గుమ్మం ముందు నిలబడింది.

"గది ఉందా అక్కా?"

"ఉంది. ఎవరు పోయారు?" అన్నాను. జుట్టు నెరిసిన ఆడమనిషి ఒంటరిగా మూటతో దిగితే అడగాల్సిన మొదటి మాట అదే కదా.

"ఎవరూ పోలేదు."

"మరి ఎవరి పెళ్ళి?"

"పెళ్ళీ లేదు."

"ఆస్పత్రి పనా?"

"నా ఒంటికేం, గుర్రంలా ఉన్నాను. ఊరికే వచ్చాను, చూసిపోదామని."

"ఇక్కడేం చూస్తావమ్మా? నన్నా?"

"నువ్వూ బానే ఉన్నావులే" అని నవ్వింది. ముందు పన్ను ఒకటి లేదు. ఆ నవ్వుకు కరిగిపోయి అద్దె సగానికి తగ్గించాను. ఆవిడ లోపలికెళ్ళాక నా మీద నాకే ఒళ్ళు మండింది.

మూట విప్పకముందే ఆవిడ ఒక షరతు పెట్టింది. "ఒక్క మాటక్కా. ఇక్కడున్నన్నాళ్ళూ నా సంకటి నేను కెలుక్కుంటాను, అంతే. ఎవరికీ వండిపెట్టను, కాచిపెట్టను, వడ్డించను. బతుకంతా ఇంటికొచ్చినవాళ్ళకు పెడుతూనే ఉన్నాను. ఒక్కసారైనా నేను చుట్టాన్ననిపించుకోవాలి. అందుకే చుట్టాల్లేని ఊరు వెతుక్కున్నా."

"చుట్టాలే లేకపోతే ఎవరికి చుట్టానివవుతావు?"

"చుట్టాలింటికెళ్తే కంబళి తియ్యకముందే చీపురు చేతికిస్తారు. నీకు తెలీదా?"

తెలియకేం. మా చెల్లెలొస్తే నేను చేసేదీ అదే.

మర్నాటి నుంచి మాపబాల్లో విహారం మొదలైంది. ఆవిడ విహారమంటే ఇతరులు పనిచేస్తుంటే కూర్చుని చూడటం. పొద్దున్నే చర్చి పక్క బేకరీ అరుగు మీద చేరి, పిండి పిసికే మనిషిని కళ్ళార్పకుండా చూసేది. వాడు సిగ్గుపడి, మాడిన రొట్టె అంచులు ఆవిడ చేతిలో పెట్టి తల వంచుకునేవాడు. ఎండెక్కాక లైబ్రరీ మెట్ల మీద కాళ్ళు చాపుకునేది. ఆ రాతిమెట్లు మధ్యాహ్నానికి పొయ్యిగట్టులా వెచ్చబడతాయి, పైగా ఉచితం. అక్కడ కూర్చుని ఎండు పీచ్ ముక్కలు నములుతూ, గడ్డి కోసే సెఖోబేను చూసేది.

"అయ్యా, ఆ మూల వదిలేశావు" అని కేకేసేది.

"నువ్వొచ్చి కొయ్యమ్మా, చూస్తాను."

"అమ్మో, నేను చుట్టాన్ని!"

ఖాళీగా ఉన్న పెద్ద పాఠాల గదిలో కూడా ఒక పూట కూర్చుని వచ్చింది. ఏం చూశావంటే, బల్లలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయక్కా, మాట్లాడేవాడొక్కడు, కూర్చునేవాళ్ళు అందరూ, ఎంత హాయి అంది. నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. పని లేకుండా అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. అసూయ కూడా కలిగింది, దాచడం ఎందుకు.

సాయంకాలాలు నా గుమ్మంలో ఎండ పట్టుకుని తన సంగతులు చెప్పేది. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు దక్షిణాఫ్రికా గనులకు పోయి, ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో తిరిగొచ్చి, ఎంతోకాలం నిలవలేదు. అత్తగారు గరిటె చేతికిచ్చింది. అప్పటి నుంచి ఆవిడ బతుకు జొన్నకల్లు కుండల మధ్యే. జొన్నలు మొలకెత్తించడం, ఎండబెట్టి విసరడం, కాచడం, పులియబెట్టడం, వడకట్టడం. పబాల్లో చదువూ, ఇంటి మీద రేకులూ అన్నీ ఆ కుండల్లోంచే వచ్చాయి. ఇప్పుడు పబాల్లో కొట్టు పెట్టుకుని బాగానే ఉంది. తల్లిని మానెయ్యమంటే తాగేవాళ్ళు ఒప్పుకోరు. "పని చేదని కాదక్కా, నాకిష్టమే. అది నన్ను వదలదు, అంతే" అంది.

ఆదివారం నేను చర్చికి వెళ్ళాను. ఆవిడ రాలేదు. బట్టలు ఉతుక్కుంటానంది. ఫాదర్ ప్రసంగం సాగదీసి సాగదీసి వదిలాక తిరిగొస్తే, నా గోడ వారన ఎండలో మగవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కడి చేతిలో ఒక రేకు డబ్బా. అందరికంటే ముందు సెఖోబే.

"మాలెఫమ్మా, నువ్వెప్పుడు మొదలెట్టావు? చెప్పనైనా చెప్పలేదే!"

తలెత్తి చూశాను. పీచ్‌పండ్లు రాల్చే పొడుగు కర్ర నా గేటుకు కట్టి ఉంది, దాని చివర తెల్లటి గుడ్డ గాలికి రెపరెపలాడుతోంది. మా దేశంలో గేటు మీద ఎర్రగుడ్డ కడితే మాంసం, ఆకుపచ్చది కడితే కూరలు, తెల్లది కడితే జొన్నకల్లు సిద్ధమని అర్థం. దగ్గరికెళ్ళి చూస్తే అది మాపబాల్లో లోపావడా. నా పెరట్లో బట్టల తాడు లేదు, పోతూ పోతూ విద్యార్థులు పెట్టెలకు కట్టుకుపోయారు. మరి తెల్లగుడ్డా కర్రా కనిపిస్తే ఆ చేతులకు తెలిసింది ఒకటే పని. వాటంతటవే వెళ్ళి గేటుకు కట్టేశాయి.

అప్పుడే ఆవిడ గదిలోంచి బయటికొచ్చింది. డబ్బాలు పట్టుకున్న మగవాళ్ళను చూసింది. చూడగానే నోట్లోంచి మాట దొర్లింది. "ఇంకా పొంగలేదు నాయనా, రేపు రండి!"

అని, రెండు చేతులతో నోరు మూసుకుంది.

"రేపా? అంటే లోపల పొంగుతోందన్నమాట!" అని సెఖోబే లేచి నిలబడ్డాడు. తర్వాత ఆవిడను ఎగాదిగా చూశాడు. "ఉండుండు. నా కుర్రతనంలో గొర్రెల బొచ్చు కత్తిరించడానికి సెమోన్‌కాంగ్ వచ్చేవాణ్ణి. వాగు పక్కన ఒకావిడ ఇట్లాగే అరిచేది. ఆ మాపబాల్లోవి నువ్వేనా? నీ కల్లు కోసం మంచులో గుర్రాలేసుకుని వచ్చేవాళ్ళం కదమ్మా!"

ఇంకేముంది, గుట్టు రట్టయింది. అందరూ టోపీలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. అమ్మా ఒక్క కుండ, అమ్మా చలికి చచ్చిపోతున్నాం, అమ్మా నీ పేరు చెప్పుకుంటాం అని ఒకటే గోల. నా బుర్ర కూడా ఊరుకోలేదు. ఖాళీ గదులు, ఖాళీ పెరడు, గేటు ముందే కస్టమర్లు.

"జొన్నలు నావి, కుండలు నావి, చెయ్యి నీది. ఏమంటావు చెల్లీ?" అన్నాను. అవసరముంటే నేనూ చెల్లీ అనగలను.

ఆవిడ ఒకసారి మగవాళ్ళ మొహాలు చూసింది, ఒకసారి నా పెరడు చూసింది. "పెద్ద కుండ ఎక్కడుంది?" అని అడిగింది. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఆవిడ కంబళి భుజాల మీంచి జార్చి, చేతులు ముందుకు చాపి, అక్కడే ఆగిపోయింది. తన చేతుల వైపే చూస్తూ నిలబడింది.

"వద్దక్కా" అంది చివరికి. "మీ అందరికీ దండం పెడతాను, నన్నడక్కండి. అడిగితే కాదనడం నాకు చేతకాదు, ఇప్పటిదాకా ఎప్పుడూ అనలేదు. పోయిన ఏడు ఒక కాలేజీ అమ్మాయి జలపాతం దగ్గరికొచ్చి మా ఇంటి ముందు కూర్చుంది. ఏంటమ్మా పనేం లేదా అంటే, సెలవులండీ అంది. మా పంతుళ్ళకూ సెలవులే, లైబ్రరీకీ సెలవులే, ఊరంతా సెలవులే అంది. మా కొండల్లో గొర్రెలకు సెలవు లేదు, జొన్నలకు లేదు, నాకు లేదు. సెలవులు ఉండే ఊరు ఎట్లా ఉంటుందో చూద్దామని వచ్చాను. నేను సెలవులో ఉన్నానయ్యా."

మగవాళ్ళు టోపీలు తిప్పుకుంటూ నిలబడ్డారు. నాకు లాభం పోయిందన్న కోపం ఒకవైపు, ఎందుకో ఆవిణ్ణి కావలించుకోవాలనిపించడం ఒకవైపు. సెఖోబే టోపీ పెట్టేసుకున్నాడు.

"సెలవులో ఉన్నావిడకు మనమే పోయించాలి. పదండి మాథూసో ఇంటికి" అన్నాడు.

మాథూసో ఇల్లు చర్చి వెనక, ఎర్రటి ఇసుకరాతి కొండ కింద. అసలైన తెల్లజెండా ఎగిరేది అక్కడే. కల్లు ఎంత బాగుంటుందో నోరు అంత చెడ్డది. మేమంతా గుంపుగా వెళ్ళేసరికి నడుం మీద చేతులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వార్త మాకంటే ముందే చేరినట్టుంది.

"ఎవరే అది? నా గిరాకీ లాక్కోవడానికి గేటు దగ్గర జెండా ఎగరేసింది?"

"అది జెండా కాదమ్మా, నా లోపావడా" అంది మాపబాల్లో.

మాథూసో ఒక్క క్షణం కళ్ళప్పగించి చూసి, గోడ పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. మేమూ పగలబడి నవ్వాం. ఇంత గొప్ప లోపావడా మా ఊళ్ళో ఎవరికీ లేదని సెఖోబే అంటే, నీ టోపీ కంటే తెల్లగా ఉంది లెమ్మని మాథూసో అంది. మాపబాల్లోను ఎండ తగిలేచోట బెంచీ మీద కూర్చోబెట్టి, ఆవిడ ఎవరో ఏమిటో అంతా వినిపించాం. మాథూసో లోపలికెళ్ళి, నురగ పొర్లుతున్న డబ్బా తెచ్చింది.

మాపబాల్లో చెయ్యి చాపి ఆ డబ్బా అందుకుంది. ఒక గుక్క తాగింది. పెదవి తుడుచుకుని, "బాగుంది, తాగండి" అని సెఖోబేకు అందించింది.

నవ్వులన్నీ ఆగిపోయాయి. కల్లు కాచినావిడే మొదటి గుక్క తాగాలి. ఇందులో ఏ దోషమూ లేదు, నా ఇంట్లో మీకు భయం లేదు అని చెప్పడం అది. ఆ గుక్క పడేదాకా ఎంత దాహంగా ఉన్నవాడైనా డబ్బా ముట్టడు. ఇంకొకరి ఇంట్లో, ఇంకొకరి కల్లుకు ఆ మొదటి గుక్క తాగడమంటే, నువ్వు పక్కకు జరుగు, ఈ ఇల్లు నాది అన్నట్టే. సెఖోబే డబ్బా తీసుకోనూ లేదు, వద్దననూ లేదు.

"ఇది ఎవరిల్లనుకున్నావు?" అంది మాథూసో.

అప్పుడు తెలిసింది మాపబాల్లోకు. గభాలున లేచింది. "తప్పయిపోయిందమ్మా, అలవాటు. బుద్ధి లేని నోరు. నువ్వు కూర్చో, నువ్వు కూర్చో, ఆ గరిటె ఇటివ్వు, అందరికీ నేనే వడ్డిస్తాను." అంటూ కంబళి నడుముకు చుట్టేసి కుండ వైపు నడిచింది. అయిపోయింది ఈవిడ సెలవు అనుకున్నాను నేను. ఏడుపొచ్చినంత పనైంది, నిజంగా.

మాథూసో గరిటె వెనక్కి లాక్కుంది. "కూర్చో!" అని ఒక్క అరుపు అరిచింది. కొండ కూడా అరిచింది తిరిగి. మాపబాల్లో దబ్బున బెంచీ మీద కూర్చుంది.

మాథూసో ఆ డబ్బాలోది నేల మీద పారబోసింది. కుండ కలిపి, కొత్తగా నింపింది. మాపబాల్లో ఎదురుగా నిలబడి, అందరూ చూస్తుండగా మొదటి గుక్క తనే తాగింది, తొందర లేకుండా. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, డబ్బా రెండు చేతులతో అందించింది.

"నేను చూశాను, బాగుంది. తాగు చుట్టమా."

మాపబాల్లో డబ్బా పట్టుకుని అలాగే ఉండిపోయింది. నురగ ఆవిడ వేళ్ళ మీదుగా కారుతోంది.

"ఏం, మరీ పులిసిందా?" అంది మాథూసో, గొంతు తగ్గించి.

"కాదమ్మా. అందరి కోసం నేనే ముందు చూసేదాన్ని. నా కోసం ముందు ఎవరూ చూడలేదు. ఇన్నేళ్ళలో ఒక్కరూ చూడలేదు."

ఆవిడ డబ్బా ఎత్తి, అడుగు కనిపించేదాకా దించకుండా తాగింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, పన్ను లేని నోరు నవ్వుతోంది, రెండూ ఒకేసారి. తర్వాత కాలు మీద కాలేసుకుని, కూర్చున్న చోటి నుంచి కదలకుండా, ఖాళీ డబ్బా మాథూసో వైపు చాపింది.

"ఇంకొంచెం పొయ్యమ్మా" అంది.