హొసకోటెలో కోసిన నిమ్మకాయ

నైవేద్యానికి పళ్ళు కోసుకునే నా మడత చాకు జాతరలో పోయింది. అలాంటిదే మళ్ళీ చేయమని బెంగళూరు కాటన్‌పేటలోని మునిరత్నప్పకు చెప్పాను. ఆయన చేతి చాకులను దూరదేశాల వాళ్ళు కూడా కొని దాచుకుంటారు. ఈసారి అలుగు, అంటే కోసే రేకు, మాత్రం హొసకోటెలో, తన కూతురు లత పనిచేసే షెడ్డులో, మెషిన్ మీద కోయిస్తానని ఫోన్లో అన్నాడు. నా రక్తం ఉడికింది. ఊరూరా ధర్మం చెప్పేవాణ్ణి, ఈయన్ని ఆపలేకపోతే నా ప్రవచనాలెందుకు? నా పురాణ గ్రంథం సంచిలో పెట్టుకుని హిందూపురంలో తెల్లవారుజామున రైలెక్కాను.

బెంగళూరులో దిగి మెజెస్టిక్ నుంచి పావుగంట నడిస్తే కాటన్‌పేట. దారిలో ఇడ్లీ తిని వెళ్ళేసరికి మునిరత్నప్ప బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నాడు. కొమ్ముతో చేసిన పిడిని గుడ్డలో చుట్టి, జేబులో ఒక నిమ్మకాయ వేసుకున్నాడు. చాకు పూర్తయ్యాక చేసినవాడే దాంతో నిమ్మకాయ కోయాలి, అప్పుడే అది తన చాకని ఒప్పుకున్నట్టు. వాళ్ళింటి ఆచారం అది. నేను గ్రంథం తెరిచాను. ఆయుధం కోసం తన ఎముకలనే ఇచ్చిన ముని కథ చెప్పి, ఒంట్లోది కొంత పోయకపోతే ఆయుధానికి ప్రాణం రాదని గద్దించాను. ఆయన అంతా విని, ఆకురాయి తీసి ఇనుప ముక్క మీద పెట్టాడు. చెయ్యి వణికింది. గీత పక్కకు పోయింది.

"ఎముకిమ్మంటే ఇస్తా సామీ. అది కదలకుండా నిలబడల్ల గదా."

గ్రంథం మూసేశాను. ఇద్దరం హొసకోటె బస్సెక్కాం. గంటన్నర ప్రయాణం, కె.ఆర్.పురం దగ్గర రద్దీ ఉంటే ఇంకాస్త ఎక్కువ. కండక్టరు గుడ్డమూటలోంచి తొంగిచూస్తున్న పిడి చూసి, కత్తి చూపించి టికెట్ ఎగ్గొడతావా అప్పా అని నవ్వాడు. "పిడి ఒకటే ఉండాది, కొట్టు టికెట్" అన్నాడు మునిరత్నప్ప.

షెడ్డులో అద్దం వెనక మెషిన్ తిరిగింది. మేం టీ తాగి వచ్చేలోపే అలుగు తయారు. లత దానికి పదును పట్టి, తండ్రి చేసిన పిడిలో బిగించి ఆయన ముందుంచింది. ఆయన చాకును చెవి దగ్గర పెట్టుకుని మూశాడు. టక్. మళ్ళీ తెరిచి మళ్ళీ మూశాడు.

"నా చేత్తో ఇట్ల ఎన్నడూ కుదరలే" అన్నాడు.

నిమ్మకాయ తీసి, చాకు పక్కన బల్ల మీద పెట్టాడు.

"పిడి నీదే గదప్పా, నువ్వే కొయ్యి" అంది లత.

"చేసినోళ్ళు కోయల్ల. నువ్వు కొయ్యమ్మా."

లత కళ్ళు తుడుచుకుని కోసింది. చాకు బల్ల మీద పెడితే నేను తీసుకున్నాను. కత్తి ఉంటే మెట్రోలోకి రానివ్వరు కాబట్టి తిరుగుదారీ బస్సులోనే. కిటికీ పక్కన ఆయన తన వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు. నిమ్మ వాసన లేదు.

మెషిన్‌ను దుమ్మెత్తిపోద్దామని వెళ్ళాను. చాకులో ఏ లోపమైనా ఉంటే నా నోరు లేచేదే. లేదు, అదే నా దుఃఖం. విద్య ఇంకా లోపల ఉండగానే భగవంతుడు చేతిని ఎందుకు వెనక్కి తీసుకుంటాడో, నేను నమ్ముకున్న గ్రంథంలో ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

మీరు వెళ్తే ఒక్క మాట. ఆయన చేత్తో పూర్తిచేసిన చాకులు కాటన్‌పేటలో ఇంకా కొన్ని ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఒక నిమ్మకాయ పట్టుకెళ్ళి, ఆయన చేతే కోయించండి.