గున్వోర్ ఇంటి ఎర్రరంగు

ఒక ఇల్లు ఒక మనిషిని వెనక నుంచి కౌగిలించుకుంది. మా ఊళ్ళో అందరూ చూశారు. అందరూ అంటే చర్చిలో ప్రార్థన తరవాత కాఫీకి ఆగిన పదకొండు మంది. కౌగిలింతను వాళ్ళు కూడా కళ్ళారా చూడలేదు లెండి, దాని గుర్తు మాత్రం చూశారు.

ఆ మనిషి ఆల్గోత్. ఏటిలో దుంగలు తోలే పని మానేసి పన్నెండేళ్ళయింది. అన్న హెల్గె ఉన్నన్నాళ్ళూ ఇంటికి ఇద్దరూ కలిసే రంగు వేసేవారు. ఒకరు కాగులో రై పిండి గంజి కాచి, రాగి గని ఎర్రమట్టి పోసి కలియబెడుతుంటే, మరొకరు గోడలకు పూసేవారు. హెల్గె పోయాక కాగు బోర్లించింది బోర్లించినట్టే ఉండిపోయింది. ఎరుపంతా వానలకు కొట్టుకుపోయి గోడల చెక్క బూడిదరంగుకు తిరిగింది. కొట్లో ఉప్పూ కాఫీపొడీ అడగడానికి తప్ప ఆల్గోత్ నోరు విప్పని వారాలుండేవి.

దారికి అవతల గున్వోర్ ఇల్లు. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. రోజూ నాలుగింటికి వెనకవైపు వంటింటి కిటికీ ఓరగా తెరిచి, పేపర్లో వచ్చే సీరియల్ పైకి చదివేది. తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ వెళ్ళి ఒకనాడు ఆల్గోత్ ఆ గొంతు విన్నాడు. పిల్లికి చదువుతోంది కాబోలు అనుకున్నాడు. మర్నాడు గొర్రె తప్పిపోకుండానే వెళ్ళాడు. తరవాత్తరవాత తల దువ్వుకుని, ఆదివారం కోటు తొడుక్కుని మరీ వెళ్ళసాగాడు. వెనక గోడకు వీపు ఆనించి, కళ్ళు మూసుకుని అరగంట నిలబడేవాడు. లోపల కుర్చీ కిర్రుమంటే తన ఎదుటే ఎవరో కూర్చున్నట్టుండేది. తలుపు తట్టాలని చాలాసార్లు అనుకున్నాడు. తలుపు తీశాక ఏం చెప్పాలో తేలేది కాదు.

ఆ ఏడు గున్వోర్ తన ఇంటికి తనే రంగు కాచి పూసింది. గంజిలో పోయవలసిన పిండిలో సగం మిగుల్చుకుని రొట్టెలు కాల్చుకుంది. గంజి పల్చనైతే రంగు ఆరినా ముట్టుకున్నవాళ్ళకు అంటుకుంటుందని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. అంటుకుంది. ఆల్గోత్‌కు మాత్రం తెలియలేదు. ఒంటరివాడికి వీపు చూసి చెప్పేవాళ్ళెవరు?

ఆదివారం కాఫీ దగ్గర కొట్టు నడిపే సిక్స్టెన్ పట్టేశాడు.

"ఆల్గోత్ బాబాయ్, వీపున ఆ ఎరుపేంటి? భుజాలూ నడుమూ అచ్చు గుద్దినట్టున్నాయి."

"మా గోడ రంగు."

"మీ గోడకు రంగెక్కడిది బాబాయ్? మీ గడ్డమూ గోడా పక్కపక్కన పెడితే ఏది ఏదో తెలీదు."

అందరూ నవ్వారు. గున్వోర్ నవ్వలేదు. బన్ను పెట్టిన పళ్ళెం పట్టుకొచ్చి అతని ముందు ఉంచింది.

"మా పిల్లి పోయి రెండేళ్ళయింది," అంది మెల్లగా. "అయినా చదువుతూనే ఉన్నాను. నాలుగింటికి రెండు కప్పుల కాఫీ పెడతాను. తలుపు ముందువైపుంది. వెనక చలిగా ఉంటుంది మీకు."

వస్తానన్న ఒక్క మాట చాలు. అది ఆల్గోత్ గొంతు దాకా వచ్చింది కూడా. అందరి ముఖాలూ అతని వైపే తిరిగి ఉన్నాయి. అతను కప్పు కింద పెట్టి లేచాడు.

"మీ గోడ దరిదాపులకు నేనెప్పుడూ రాలేదండీ," అన్నాడు. "మీరు చదవడం నేను వినలేదు. ఈ కోటుకు మరకే లేదు."