పెళ్ళిచూపుల తర్వాత క్రియాటినిన్

అది 2022 వేసవి, ఉగాది వెళ్ళిన వారం. టెక్కలి ఆర్టీసీ కాంప్లెక్సు వెనక సందులో మా ల్యాబు. ఒక గది, అద్దాల తలుపు, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్రిజ్, ఒక ఎనలైజర్. రక్తంలో ఏది ఎంత ఉందో లెక్క చెప్పే మిషన్ని ఎనలైజర్ అంటాం. నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో నాకు అర్థమైందేమిటంటే, ఆ గదిలో అబద్ధం ఆడనిది ఆ మిషను ఒక్కటే. అదీ మంచితనంతో కాదు, దానికి ఊళ్ళో ఎవరూ తెలియదు గనక.

మనుషుల సంగతి అలా కాదు. "పొద్దున్న ఏమైనా తిన్నారా?" అని అడిగితే "మంచినీళ్ళు కూడా ముట్టలేదు మేడం" అంటారు. మీసానికి కొబ్బరి చట్నీ అంటుకుని ఉంటుంది. షుగరు పరీక్షకి మూడు రోజుల ముందు నుంచి నోరు కట్టుకుని, రిపోర్టు బాగా రాగానే ఎదురుగా ఉన్న స్వీటు షాపులోకి దూరతారు. పరీక్ష అనే మాట వినబడితే చాలు, మనవాళ్ళకి పదో తరగతి గుర్తొస్తుంది. ఎలాగోలా పాసవ్వాలి. ఏం నేర్చుకున్నాం అన్నది ఎవరికీ పట్టదు.

ఇంటింటా కిడ్నీ జబ్బున్న కవిటి చుట్టుపక్కల పల్లెల్ని ఉద్దానం అంటారు. ఉద్దానం వాళ్ళకి అన్నిటికన్నా పెద్ద పరీక్ష సీరమ్ క్రియాటినిన్. కండరాల్లో పుట్టే ఒక వ్యర్థాన్ని కిడ్నీలు బయటికి పంపుతుంటాయి. అవి దెబ్బతింటే అది రక్తంలో పేరుకుంటుంది. మా మిషను లెక్కలో 1.2 దాకా ఫర్వాలేదు. కవిటి వైపు ఏ టీ బడ్డీ దగ్గర నిలబడినా ఈ అంకెలే వినిపిస్తాయి. జబ్బు ఎందుకొస్తోందో మాత్రం ఎవరూ తేల్చలేదు. జీపుల్లో వచ్చినవాళ్ళు నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, నెత్తురు పట్టుకెళ్ళారు. మావాళ్ళు ఇంకా జవాబు కోసం చూస్తున్నారు. ఈలోగా ఫోన్లో వీడియోలు చూసి ఎవరికి తోచిన ఆకు వాళ్ళు నూరుకుని తాగుతున్నారు.

ఆ వారంలో ఒకరోజు సింహాచలం గారని ఒక పెద్దమనిషి వచ్చారు. హరిశ్చంద్రపురంలో ఎరువుల కొట్టు ఆయనది. మేనకోడలికి సంబంధం చూస్తున్నారట. అబ్బాయి పేరు నాయుడు, కవిటి దగ్గర పల్లె, మీసేవ సెంటర్లో కంప్యూటర్ ఆపరేటరు.

"జాతకాలు కలిసాయండి. పిల్లా పిల్లడూ ఇష్టపడ్డారు. ఇక క్రియాటినే మిగిలింది," అన్నారాయన. "అటేపు ల్యాబుల్లో అయితే తెలిసినోళ్ళని మొహమాటపడి రాసిచ్చేత్తారు. మీకు ఆ అబ్బాయెవులో తెల్దు కదా, అందుకే ఇక్కడికి పంపుతున్నాను. సైన్సు అబద్ధం సెప్పదు మేడం."

"మరి అమ్మాయికి చేయించారా?" అన్నాను.

"మా గుంటకేటండి? మాది ఉద్దానం కాదు కదా!"

ఆయన తెలివికి ముచ్చటేసింది. రిపోర్టు మాత్రం అబ్బాయి చేతికే ఇస్తానని చెప్పి పంపాను.

రెండో రోజు పొద్దున్నే అబ్బాయి వచ్చాడు. మంచి దిట్టమైన మనిషి. కుర్చీ సరిపోలేదు. "పేరు?" అంటే ఒక్క క్షణం ఆగి "నాయుడండి" అన్నాడు. చేతికి రబ్బరు పట్టీ కట్టగానే నరం ఉబికి వచ్చింది. అరచెయ్యి చూస్తే బొబ్బలు కట్టి కాయలు కాసి ఉంది, మణికట్టు మీద తాడు ఒరుసుకున్న గుర్తులు.

"మీసేవలో ఇంత బరువు పనా?" అన్నాను.

"ఆదోరాలు కొబ్బరితోట పనండి. బేగి కానిచ్చేయండి మేడం, బస్సుకెళ్ళాల."

రక్తం తీసే ముందు ఆధార్ కార్డు చూడాలని నా చేత్తో నేనే రాసి గోడకి అంటించిన కాగితం ఆ మనిషి తల వెనకే ఉంది. బయట పదిమంది ఉన్నారు. నేను చూడలేదు. తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గిర్రున తిప్పి రక్తకణాల్ని వేరుచేసే మిషన్లో పెట్టి, పైన తేలిన సీరమ్‌ని ఎనలైజర్‌కి ఇచ్చాను.

3.1 వచ్చింది.

అలాంటప్పుడు ముందు మిషన్ని అనుమానించాలి. కంట్రోల్ పెట్టాను. కంట్రోల్ అంటే ఎంత రావాలో ముందే తెలిసిన సీరమ్. అది సరిగ్గా వచ్చింది. అబ్బాయి సీరమ్ మళ్ళీ పెట్టాను. మళ్ళీ 3.1. ఇన్నేళ్ళుగా ఇలాంటి అంకెలు ఎన్ని చూశానో, అయినా ఆ వయసువాళ్ళకి వచ్చినప్పుడు నమ్మబుద్ధి కాదు. పెళ్ళి సంగతి నాకు గుర్తుకే రాలేదు. ఇంత బలంగా ఉన్న మనిషికి ఈ మాట ఎలా చెప్పడమా అని ఆలోచిస్తున్నాను. అంతలో సింహాచలం గారి ఫోను.

"అయ్యిందాండి?"

"మిషను రిపేరులో ఉందండి," అనేశాను. పాపం, దానికి నోరు లేదు కదా.

తర్వాత ఫారంలో ఉన్న నాయుడు నెంబరుకి చేశాను. రిపోర్టులో తేడా ఉంది, మళ్ళీ ఒకసారి రక్తం ఇవ్వాలి రమ్మన్నాను.

"ఎంతొచ్చిందండి?"

"వచ్చాక మాట్లాడదాం."

"పర్లేదు, సెప్పేయండి మేడం."

చెప్పాను. అవతల గొంతు మారిపోయింది. "మూడా? ఆడికా?" అన్నాడు.

"ఎవరికి?" అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ల్యాబు తెరిచేసరికి గుమ్మంలో ఇద్దరున్నారు. ఒకరు నేను రక్తం తీసిన మనిషి. రెండో అతను బక్కపలచగా, కళ్ళజోడుతో ఉన్నాడు. అతను దిట్టమైన మనిషిని బయట కూర్చోబెట్టి, లోపలికొచ్చి తలుపు వేశాడు.

"మేడం, నాయుడంటే నానండి. నిన్న నెత్తురిచ్చినోడు మా నూకరాజు. సముద్రం మీద ఏటకెళ్తాడు. సిన్నప్పట్నుంచీ ఇద్దరం బావా అంటే బావా అనుకుంటాం."

నాకు ఒళ్ళు మండింది. ఏం చదువుకున్నావు, ఎవర్ని మోసం చేద్దామనుకున్నావు అని గట్టిగానే అరిచాను. అతను నిలబడి అంతా పడ్డాడు. అప్పుడు చెప్పాడు. వాళ్ళ నాన్న డయాలిసిస్ మీద నాలుగేళ్ళు ఉండి పోయాడు. ఆ మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నది ఇతనే. అప్పట్నుంచీ పరీక్ష అంటే చాలు, ఏదో ఒక వంక పెట్టి తప్పించుకుంటున్నాడు.

"నాకూ ఉంటాదని తెలిసిపోయిందండి నాకు. ఆ అమ్మాయి సానా నచ్చింది. నూకరాజైతే మా రేవులో అందరికన్నా గట్టోడు. ఆడికేటుంటాది అనుకున్నాను."

"ఇప్పుడు అతనికి చెప్పావా?"

"నేదండి. ఇంకో సంతకం పెట్టాలని తీసుకొచ్చాను." నేను అడక్కుండానే మిగిలింది కూడా చెప్పాడు. "ఊరుకుందామనుకున్నానండి. మీ మిషను తప్పని సెప్పి, ఇంకోడి నెత్తురిప్పిద్దామనుకున్నాను. బస్సెక్కేదాకా అదే అనుకుని, పాత రిపోర్టు కొట్టేయించడానికి సంతకం కావాలేమోనని ఆడ్ని కూడా తెచ్చాను. బస్సులో ఆడు నా పక్కన కూకుని, నా పెళ్ళికి సొక్కా ఏ రంగు కుట్టించుకోవాలని అడిగాడండి."

ఆ మాటతో నా కోపం సగం దిగిపోయింది. వెళ్ళి నూకరాజుని లోపలికి పిలిచి ఉన్నమాట చెప్పాను.

నూకరాజు ముందు నవ్వాడు. "నాకా? నాకేటండి, సూడండి ఎలాగున్నానో. మిషన్ మళ్ళీ సూపించుకోండి." నాయుడి మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. గోడకి జారబడి కింద కూర్చున్నాడు. "నాకు ఇద్దరు ఆడగుంటలు మేడం," అన్నాడు.

కొత్తగా రక్తం తీస్తూ, "ఏమైనా మందులు వాడుతున్నావా?" అని అడిగాను.

"నాకు జబ్బులేటీ నేవండి." చొక్కా జేబులోంచి ఒక మాత్రల షీటు తీశాడు. "ఇయి మందులు కావు, నడుం నొప్పికి. ఏటకెళ్ళే ముందు రెండు, వొచ్చాక ఒకటి. మా రేవులో అందరూ ఏసుకుంటారు. వల లాగాల కదండి."

"ఎన్నాళ్ళుగా?"

"సంవత్సరం పైనే. ఈమధ్య ఎక్కువయ్యాయి. వొచ్చే వారం నుంచి రెండు నెల్లు ఏట నిషేధం కదా, ఈలోపే ఏటాడుకోవాల."

"పడవలో నీళ్ళు తాగుతావా?"

"ఎండలో నీళ్ళు తాగితే బరువండి. ఒడ్డుకొచ్చాకే."

షీటు వెనక్కి తిప్పి చూశాను. నొప్పుల మాత్ర. ఏ కొట్లో అడిగినా చీటీ లేకుండా ఇస్తారు. రోజూ మింగితే కిడ్నీల మీద పడుతుందని నాకు తెలుసు, డాక్టర్లకి తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. మింగేవాడికి చెప్పే పని మాత్రం ఎవరి డ్యూటీలోనూ లేదు.

ఆ రోజే ఇద్దర్నీ టెక్కలిలోనే కిడ్నీ డాక్టరు గారి దగ్గరికి పంపాను. స్కానింగు చూసి ఆయన, కిడ్నీలు ఇంకా కుంచించుకుపోలేదని చెప్పి, మాత్ర ఆపి, నీళ్ళు తాగి, పది రోజులకి మళ్ళీ పరీక్షకి రమ్మన్నారు. "తగ్గుతుందా?" అని నూకరాజు అడిగితే, "తగ్గవచ్చు. ఇంకో సీజను ఇలాగే లాగి ఉంటే చెప్పలేకపోయేవాణ్ణి," అన్నారట. ఏమీ తేల్చకుండా మాట్లాడటం డాక్టర్లకి అలవాటే గానీ, ఆ "తగ్గవచ్చు" పట్టుకుని పది రోజులు బతికారు వాళ్ళు. నేనూ బతికాను.

నాయుణ్ణి మాత్రం వదల్లేదు. పక్కన నూకరాజుని నిలబెట్టి కుర్చీలో కూర్చోబెట్టాను. సూది చూడగానే కళ్ళు మూసుకున్నాడు. "ఓరి పిరికోడా, నీ బదులు నానే ఇవ్వాలేటి మళ్ళీ?" అన్నాడు నూకరాజు. 0.9 వచ్చింది. కాగితం చేతికిస్తే నాయుడు ఎంతసేపు చూశాడో. ఇన్నేళ్ళూ ఎవరూ అడక్కుండానే తనకు తాను వేసుకున్న శిక్ష అది. ఏడ్చేశాడు. వెంటనే స్నేహితుడి ముందు తను ఇలా ఊపిరి పీల్చుకోవడం తప్పేమో అని సిగ్గుపడ్డాడు.

పది రోజులకి నూకరాజుది 2.2. అప్పటికి వేట నిషేధం మొదలైంది, పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి. మనిషికి ఇంట్లో ఉండటం తప్ప పని లేదు. నెల దాటాక ముగ్గురం ఎనలైజర్ ముందు నిలబడ్డాం. నిజానికి వాళ్ళని ఆ గదిలోకి రానివ్వకూడదు. ఆ రోజు రానిచ్చాను. 1.3 అని పడింది. నూకరాజు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నాయుడు మిషనుకి దణ్ణం పెట్టాడు. "దానికెందుకురా, నీళ్ళ బిందెకి పెట్టండి," అని నేను నవ్వాను. అంత తేలికపడి నవ్వి చాలా కాలమైంది.

ఈలోగా సింహాచలం గారికి చెప్పిన అబద్ధానికి గడువు అయిపోయింది. ఏ మిషనైనా నెల్లాళ్ళు రిపేరులో ఉండదు కదా. నిజం నువ్వే చెప్పుకోవాలని నాయుడికి మొదటిరోజే చెప్పాను. 1.3 వచ్చిన రోజు నేరుగా హరిశ్చంద్రపురం వెళ్ళి, అమ్మాయి ముందే అంతా చెప్పేశాడు. మర్నాడు సింహాచలం గారు వచ్చి నా మీద విరుచుకుపడ్డారు. సైన్సు చదువుకుని ఇదేం పని అన్నారు. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అరిచి అరిచి అలిసిపోయి కూర్చుని, మంచినీళ్ళు తాగి, చివరికి అసలు మాట చెప్పారు.

"మా గుంట ఏటందో తెలుసాండి? దొంగ పని సేసినోడు నోరు మూసుకుంటే ఆడి పెళ్ళి సులువుగా అయిపోను కదా మావా, స్నేహితుడి కోసం సెప్పేసుకున్నాడు, నాకీ సంబంధమే కావాల అంది. ఇప్పుడు నానేటి సెయ్యాల?"

"చెయ్యి చాపండి," అన్నాను. ఆయన ఎప్పుడూ క్రియాటినిన్ చేయించుకోలేదట. ఎరువుల కొట్టు మూడు పుటల జాగ్రత్తలు రాసిన డబ్బాలతో నిండి ఉన్నా, తనదాకా వచ్చేసరికి ఆయన కూడా కళ్ళు మూసుకునే బాపతే. బానే ఉంది ఆయనది. శ్రావణంలో పెళ్ళయింది.

ఆ కేసు తర్వాత రెండు పనులు మొదలుపెట్టాను. సూది పట్టుకునే ముందు ఏం మాత్రలు మింగుతున్నారని అడుగుతాను. "మందులు" అని అడగను, "నొప్పికి ఏమైనా వేసుకుంటారా" అని అడుగుతాను. రెండోది, ఆధార్ కార్డు చూడకుండా ఎవరి రక్తమూ తియ్యను. కలెక్టరు గారే వచ్చినా చూపించాల్సిందే. ఎవరైనా ఇంకొకరి కార్డుతో వస్తే మర్యాదగా వెనక్కి పంపేస్తాను. అదే నా పని, అదే రూలు.

కానీ అలా వెనక్కి పంపిన ప్రతిసారీ ఆ మనిషి మెట్లు దిగేదాకా చూస్తుంటాను. ఆ రోజు నా పని నేను సరిగ్గా చేసి ఉంటే, కార్డు అడిగి ఉంటే, నూకరాజు నవ్వుకుంటూ బస్సెక్కి, జేబులో ఆ షీటుతో మళ్ళీ పడవ ఎక్కేవాడు.