రైలుగట్టు

నా ఉద్యోగం ఒక్క మాట వల్ల పోయింది. నోరు జారిన మాట కాదు, ఎవరినో తిట్టిన మాట అంతకన్నా కాదు. రైల్వే స్టేషన్లో మనం నిలబడే ప్లాట్‌ఫారానికి తెలుగు మాట.

దాన్ని పుట్టించింది మా సారు. సికింద్రాబాద్‌లోని మా పత్రిక ఆఫీసులో ఆదివారం అనుబంధానికి ఆయన ఇన్‌చార్జి. నేను ఆయన కింద సబ్‌ఎడిటర్ని. మాట్లాడేటప్పుడు పరేషాన్, తక్లీఫ్ లాంటి ఉర్దూ మాటలు లేకుండా ఆయనకు వాక్యం పూర్తయ్యేది కాదు. కలం పట్టుకుంటే మాత్రం పరాయి మాటను గడప తొక్కనిచ్చేవారు కాదు. "చెర్వుకు గట్టున్నది, పొలానికి గట్టున్నది. రైలుకేం తక్కువైంది?" అని ఒకరోజు ప్లాట్‌ఫారాన్ని రైలుగట్టు చేసేశారు. డెస్కులో గోడకు అంటించిన మాటల పట్టికలో తన చేత్తోనే ఎక్కించారు. ఆ రోజు నుంచి ఎవరి వార్తలో ప్లాట్‌ఫారం కనిపించినా కొట్టేసి రైలుగట్టు అని దిద్దడం మా పని.

పాఠకులు ఊరుకుంటారా? రైలుగట్టు అనే కొత్త స్టేషన్ లాలాగూడకు ఇవతలా అవతలా అని ఒకాయన ఫోన్ చేసి అడిగాడు. వేరే ఏ పత్రికా ఆ మాటను ముట్టుకోలేదు. సారు మాత్రం స్టేషన్‌కు పోయి కూలీని కూడా "బండి ఏ రైలుగట్టు మీదికొస్తది?" అనే అడిగేవారు. ఆయన వెనకాల మేమంతా నవ్వుకునేవాళ్లం. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

పదకొండేళ్లు ఆ డెస్కులో ఉన్నాను. పదకొండేళ్లూ ఇతరులు రాసింది దిద్దడమే. కింద పేరు రాసినవాళ్లది, తప్పు దొరికితే చీవాట్లు దిద్దినవాళ్లకి. డెస్కువాళ్లు సొంత రచనలు వేసుకోకూడదని యాజమాన్యం పద్ధతి. వేరే పత్రికకు రాయకూడదని నియామక పత్రంలోనే ఉంది. ఇక్కడ రాయనివ్వరు, అక్కడ రాసుకోనివ్వరు. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. రిటైరయ్యాక రోజూ సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లి, ఒకటో నంబర్ ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, వచ్చే ప్రతి బండి వేళనూ తన చేతిగడియారంతో సరిచూసుకునేవాడు. బండి ఆలస్యమైతే తనే తప్పు చేసినట్టు మొహం పెట్టుకుని ఇంటికొచ్చేవాడు. ఆయన పోయాక ఆ బెంచీ గురించి రాయాలనిపించింది. నిజానికి రాయకుండా ఉండలేకపోయాను. అప్పుడే పోటీ పత్రికలో పనిచేసే పాత స్నేహితుడు రైల్వే కాలనీ జీవితం మీద ఏదైనా ఉంటే పంపమని అడిగాడు.

"జెర ఆలోచించు. మీ ఆఫీసుల తెలిస్తే ఎట్ల?" అంది నా భార్య.

"అమ్మ పేరు పెట్టి పంపిస్తున్న. ఎవరు గుర్తుపడ్తరు?" అన్నాను.

పేరైతే మార్చాను. చేతిని మార్చలేకపోయాను. పదకొండేళ్లు దిద్దిన చెయ్యి కదా, నన్ను అడక్కుండానే 'ఒకటో నంబర్ రైలుగట్టు' అని రాసేసింది. రెండుసార్లు చదువుకున్నాను, కనబడలేదు. ఇతరుల తప్పులు ఏరి జీతం తీసుకున్న కళ్లు ఇవి! అక్కడి సబ్‌ఎడిటర్‌కు ఆ మాట ముద్దొచ్చిందో ఏమో, అలాగే ఉంచాడు.

ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆ పత్రిక కొన్నాను. అమ్మ తన పేరు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "మీ నాయన గురించి మంచిగ రాసినవ్ బిడ్డా" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపులో కూడా ఆ మాట నా కంట పడలేదు.

సోమవారం సారు అందరికన్నా ముందు వచ్చారు. చంకలో పోటీ పత్రిక, చేతిలో ఉస్మానియా బిస్కెట్ల పొట్లం. నేను గడపలో ఉండగానే కేకేశారు.

"ఏందయ్యా, జూసినవా? మన మాట ఆళ్లు సుత పట్టుకున్నరు! నవ్విన్రు గదా అందరు. ఇగ జూడున్రి!"

ఆయన వేలు ఆనిన చోట నా వాక్యం ఉంది.  ఆయన మొహం చూస్తే భయమేసింది. అంత సంతోషం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి బిస్కెట్లు పంచారు. నాకు రెండిచ్చారు. తర్వాత ఆ పత్రిక పట్టుకుని ఎడిటర్ గదిలోకి వెళ్లారు.

వెళ్లకుండా ఎలాగైనా ఆపాల్సింది. చేతిలో బిస్కెట్లతో అలాగే కూర్చున్నాను.

బయటికి వచ్చినప్పుడు ఆయన మొహం మరోలా ఉంది. నన్ను మెట్ల దగ్గరికి పిలిచారు. ఎడిటర్ ఒక్కటే అడిగాడట: మనం తప్ప ఎవరూ వాడని మాట వాళ్లకు ఎలా వెళ్లింది?

"రాసింది ఎవరో సాయంత్రంలోపల చెప్పమన్నడు" అన్నారు సారు. "మీ నాయన వర్క్‌షాపుల చేసేటోడు గదా?"

"అవును సార్."

"కాదని చెప్పు. నేను పొయ్యి చెప్త. నా మాట నమ్ముతడు."

కాదంటే సరిపోయేది. నా ఉద్యోగం ఉండేది. పోటీ పత్రిక తన మాటను మెచ్చి తీసుకుందన్న ఆయన సంతోషం కూడా ఉండేది. కానీ బెంచీ మీద కూర్చున్న మా నాన్నను నావాడు కాదని ఎలా అనను? 

"నేనే సార్."

ఆయన కిటికీ వైపు తిరిగారు. అటు చూస్తూనే అడిగారు. "ఎక్కిరిచ్చి రాసినవా ఆ మాట?"

"లేదు సార్. దానంతటదే వచ్చింది."

తల ఊపారు. నమ్మారో లేదో నాకు తెలియదు.

యాజమాన్యం తీసేసినట్టు కాకుండా నేనే మానేసినట్టు రాసిమ్మన్నారు. అదీ సారు బతిమాలి ఇప్పించిన దయేనని తర్వాత తెలిసింది. రాజీనామా రాసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చదివారు. ఎర్ర కలం తీసి, చివర్లో నేను రాసిన 'ధన్యవాదములు' కొట్టేసి 'ధన్యవాదాలు' అని దిద్దారు. దిద్దాక గుర్తొచ్చినట్టుంది, ఇది అచ్చుకు వెళ్లేది కాదని. కలానికి మూత పెట్టేశారు. గోడ మీది పట్టిక వంక చూడకుండా బయటికొచ్చాను.

ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక చిన్న ప్రకటనల సంస్థలో పని చేస్తున్నాను. ఇళ్ల స్థలాలకూ నగల దుకాణాలకూ వాక్యాలు రాస్తాను. అక్కడా కింద నా పేరుండదు.

కిందటి నెల సికింద్రాబాద్ స్టేషన్లో సారు కనిపించారు. రిటైరయ్యారట. చేతిసంచితో మా నాన్న బెంచీకి కొంచెం ఇవతల నిలబడి ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నమస్తే పెట్టాను.  ఆయనకు నచ్చుతుందని ఆ మాటే వాడాను.

"మీ బండి ఏ రైలుగట్టు మీదికి సార్?"

ఆయన నా వైపు చూసి, "ప్లాట్‌ఫారం ఒకటి" అన్నారు.

నేను తెల్లబోయాను. నా మొహం చూసి ఆయనే చెప్పారు.

"ఆ మాట తీసేసిన. నువ్వు పోయిన తెల్లారే పట్టికల కొట్టేసిన. పిల్లలు నీ లెక్కనే ఏడనో ఏదో రాసుకుంటరు. ఇంకెవరూ దాంతోటి దొరకొద్దు."

బండి వచ్చింది. సంచి అందుకోబోతే వద్దన్నారు. రెయిలింగ్ పట్టుకుని మెల్లగా ఎక్కి, లోపలికి వెళ్లిపోయారు. వేళకే వచ్చిందా అని నేను గడియారం చూసుకున్నాను.